తుడవకుండా ఉంచిన టీ మరక

కొందరి చేయి పడితే పాడైన వస్తువు బాగుపడుతుందనీ, మరికొందరి చేయి పడితే బాగున్నది కూడా పాడవుతుందనీ చాలామంది నమ్ముతారు. మొదటిదాన్ని హస్తవాసి అంటారు. రెండోదానికి అంత మర్యాదైన పేరు లేదు. మా ఇంట్లో మాత్రం అది మా చెల్లికే పేరైంది. ఏడో ఏట ఆమె చేతిలోంచి గాజు కూజా జారింది. తొమ్మిదో ఏట ఆమె కీ ఇస్తుండగా గడియారం స్ప్రింగు తెగింది. ఆ సాయంత్రమే నాన్న ఆమెకు 'భస్మం' అని పేరు పెట్టాడు. భస్మాసుర హస్తానికి అది ముద్దు పేరు. "భస్మం వస్తోంది, గ్లాసులు లోపల పెట్టండి" అనేవాడు. అందరం నవ్వేవాళ్ళం, ఆమెతో సహా.

నేను దీన్ని ఎన్నడూ నమ్మలేదు. విద్యుత్ మీటర్లను పరీక్షించే ప్రయోగశాలలో ముప్పైనాలుగేళ్ళు పనిచేశాను. మీటరు ఎవరి చేతిలో ఉన్నా ఒకే అంకె చూపాలి. చూపకపోతే తప్పు మీటరుదే గాని చేతిది కాదు. ఉద్యోగ విరమణ తరువాత మా వీధి గ్రంథాలయంలో నెలకొకసారి ఇలాంటి విషయాల మీద మాట్లాడుతున్నాను. కాకి వచ్చి వాలడమూ తాటిపండు రాలడమూ ఒక్క క్షణంలో జరిగితే, కాకి బరువుకే పండు రాలిందనుకోవడం మనిషి మనసుకున్న పాత జబ్బు అని ఆ ప్రసంగాల్లో కనీసం పదిసార్లు చెప్పి ఉంటాను. ముందు జరిగినదల్లా కారణం కాదు అని ముగిస్తాను. వినేవాళ్ళు పన్నెండుమంది ఉంటారు. తల ఊపుతారు.

పోయిన నెల చెల్లి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఆ పెట్టె ఇంకా ఉందా?"

"ఏ పెట్టె?"

"నేను చంపిన పెట్టె."

ఉంది. అటక మీద, అట్టపెట్టెలో, నాన్న చేత్తో కట్టిన పురికొసతో సహా ఉంది. ఉందని చెప్పాను.

"బాగుచెయ్యమని అడగట్లేదు. విప్పి చూడు. అది నా వల్లే పోయిందో కాదో చెప్పు, చాలు."

"నలభై రెండేళ్ళయింది. ఇప్పుడెందుకు?"

"వచ్చే నెల నేను రిటైరవుతున్నాను. ముప్పైయొక్క ఏళ్ళు ఆసుపత్రి మందుల గదిలో చేశాను. చుట్టూ గాజు సీసాలే. ఒక్కటి పగలగొట్టలేదు, ఒక్క కొలత తప్పలేదు. అయినా కొత్త మిషన్ ఏదొచ్చినా, ముందు నువ్వు నొక్కమ్మా అని పక్కవాళ్ళకిస్తాను. నాకే నవ్వొస్తుంది. ఇంటికెళ్ళిపోయేముందు ఈ చేతులకో తీర్పు కావాలి."

"పంచనామా చెయ్యాలన్నమాట."

"పంచనామానే. నా మొహం చూసి రాయకు."

సరేనన్నాను. ఏం తేలుతుందో నాకు ముందే తెలుసనుకున్నాను. అందులో ఒలికిన టీ వల్లే పోయిందని తేలుతుంది. టీ ఎవరి చేతిలోంచైనా జారుతుంది, అందులో చేతి దోషమేమీ లేదని నాలుగు మంచి మాటలు చెప్పి ముగించవచ్చు అనుకున్నాను.

ఆ పెట్టె ఒక చిన్న కంప్యూటరు. అది మా ఇంటికి వచ్చినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు, చెల్లికి పదహారు. నాన్న నీటి సరఫరా విభాగంలో మేస్త్రీ. పైపులు, ట్యాంకులు, పంపులు ఆయన లోకం. ఏదో ప్రదర్శనలో దాన్ని చూసి, ఆరు నెలలు ఎవరికీ చెప్పకుండా ఆలోచించి, ఒకరోజు చంకలో పెట్టుకొని తెచ్చాడు. చూడటానికి టైపు మిషన్ లోంచి మీటలు మాత్రమే ఊడదీసి తెచ్చినట్టు ఉండేది. కంప్యూటరంతా ఆ మీటల కిందే ఉంది. తెరగా మా ఇంటి టీవీని వాడుకోవాలి. నేర్పిన ప్రోగ్రాము దాచుకోవడానికి పాటల టేప్ రికార్డరు తగిలించాలి. స్విచ్ తీస్తే నేర్చుకున్నదంతా మరిచిపోతుంది.

"పొద్దున చదివింది సాయంత్రానికి మరిచిపోతుందా? అచ్చం నీలాగే ఉందిరా" అంది అమ్మ నాతో.

క్యాసెట్ లోంచి ప్రోగ్రాము ఎక్కించడానికి నాలుగు నిమిషాలు పట్టేది. ఆ నాలుగు నిమిషాలూ టేపు లోంచి ఒక కీచు రొద వచ్చేది. తోక తొక్కిన పిల్లిలా ఉందని అమ్మ చెవులు మూసుకునేది. నాన్న మాత్రం చేయెత్తి అందరినీ ఆపేవాడు. "మాట్లాడకండి, మన మాటలు లోపలికి పోతాయి!" పోవని నేను వివరించాను. తీగలోంచి పోయేది విద్యుత్తే గాని గదిలోని మాటలు కావని బొమ్మ గీసి చూపాను. నాన్న శ్రద్ధగా విని, మరుసటి రోజు మళ్ళీ చేయెత్తాడు. ఆ నాలుగు నిమిషాలు మా ఇంట్లో ఎవరూ పోట్లాడుకునేవారు కాదు. కూరగాయల కత్తి కూడా ఆగేది. తరువాత నా జీవితంలో ఎన్నో నిశ్శబ్దాలు విన్నాను, ఆ పిల్లి అరుపుల నిశ్శబ్దం లాంటిది మాత్రం మళ్ళీ దొరకలేదు.

యంత్రం నా చదువు కోసం వచ్చింది. దాన్ని నేర్చుకున్నది చెల్లి. నేను చేతి పుస్తకంలోని ఆటలు ఎక్కించుకొని ఆడేవాణ్ణి. ఆమె బోర్లా పడుకొని, గడ్డం కింద దిండు పెట్టుకొని, నోటుబుక్కులో సొంతంగా వరుసలు రాసేది. అలా రాసినదే 'వాన'. నలభై ఒక్క వరుసల ప్రోగ్రాము. తెర పైనుంచి చుక్కలు రాలతాయి, ఒక్కొక్కటి ఒక్కో వేగంతో. కిందికి వచ్చాక ప్రతి చుక్కా రెండుగా చిట్లి ఆరిపోతుంది. అంతే. ఆ 'అంతే' కోసం ఆమె ఒక వర్షాకాలమంతా కిటికీ దగ్గర కూర్చుంది. "ఏటవాలు తప్పు, గాలి లేనప్పుడు వాన అలా పడదు" అని ఎవరూ అడగకపోయినా చెప్పి, ఒక అంకె మార్చి, మళ్ళీ చూసేది.

ఆ వర్షాకాలంలోనే ఒక ఆదివారం నేను లోపలికి కేకేసి టీ అడిగాను. తెచ్చింది చెల్లి. యంత్రం నా ముందుంది. గ్లాసు జారింది. అర గ్లాసు టీ మీటల ఎడమ భాగం మీద పడి లోపలికి ఇంకింది. స్విచ్ తీసేశాం, తుడిచాం, బోర్లించాం, నాలుగు రోజులు ఫ్యాను కింద ఆరబెట్టాం. ఐదో రోజు స్విచ్ వేస్తే తెర మీద ఏమీ రాలేదు.

"టీ వల్లే" అన్నాను. ఇంట్లో నా మాటకు విలువుండేది. ఇంజనీరింగు మొదటి సంవత్సరం చదువుతున్నాను. అప్పటికి రెండు వారాల కింద ఆ యంత్రాన్ని ఒకసారి బాగుచేసినవాణ్ణి కూడాను.

తరువాతి ఏడు చెల్లి కంప్యూటరు కోర్సులో చేరతానంది. "ఆ చేత్తోనా?" అన్నాడు నాన్న. అని, నా వైపు చూశాడు. అందరూ చూశారు. నేను నవ్వాను. ఆ నవ్వు చాలింది. ఆమె మందుల శాస్త్రంలో చేరింది.

ఇక పని.

యంత్రం అడుగున ఏడు మరలు ఉన్నాయి. ఏడూ తీశాక కూడా మూత రాలేదు. ఎనిమిదోది కంపెనీ చీటీ కింద దాక్కుని ఉందని మా ఆవిడ కనిపెట్టింది. చీటీ మీద వేలితో తడిమి, "ఇక్కడ గుంట ఉందండీ" అంది. లోపల దుమ్ము కంబళిలా పేరుకుని ఉంది. ఒక చిమ్మెట రెక్క, ఒక పొడవాటి తల వెంట్రుక. ఆ వెంట్రుక అమ్మదో చెల్లిదో నిర్ణయించే ఆధారం లేదు. ఒక కాగితంలో మడిచి పక్కన పెట్టాను.

మెత్తటి కుంచెతో దుమ్ము దులిపాను. చేతికందిన ప్రతిదాన్నీ తీసేముందు ఫోటో తీశాను. కరెంటు ఇచ్చే చిన్న పెట్టెను విడిగా పరీక్షించాను; బాగానే ఉంది. తరువాత బోర్డును కిటికీ వెలుగులో పెట్టాను. అరచేయి వెడల్పు, జానెడు పొడవు ఉన్న ఆకుపచ్చ పలక. దాని మీద వరుసలుగా నల్లటి చిప్పులు, వాటి మధ్య వెంట్రుకంత సన్నని రాగి దారులు. ఎడమ వైపు కింద మూలలో టీ మరక ఉంది. పాల టీ గనుక గోధుమ రంగు తేలి, అంచులు ముదిరి, ఒక దీవి పటంలా ఉంది. నాలుగు చిన్న భాగాల మీదా, ఒక చిప్పు కాళ్ళ మీదా పాకింది.

"ఇదిగో నేరస్థురాలి వేలిముద్ర" అంది మా ఆవిడ, నా భుజం మీంచి చూసి.

మీటరు ముళ్ళు చెరో చివరా ఆనించి, మరక కింది దారులన్నీ ఒక్కొక్కటే పరీక్షించాను. దారి తెగకపోతే మీటరు కూతపెడుతుంది. పద్నాలుగు దారులూ కూశాయి. నాకు కొంచెం ఆశ్చర్యం కలిగింది. బోర్డును వెనక్కి తిప్పాను.

కుడి వైపు పై మూలలో, కరెంటు తీగ గుచ్చే సాకెట్ దగ్గర, పచ్చటి పూత పొంగి ఉంది. రాగి చిలుము. అంచుల్లో తెల్లటి పొక్కులు. దాని నడుమ ఒక సీసపు అతుకు. మిగతా అతుకులన్నీ ఆవగింజంత ఉంటే, ఇది శనగగింజంత ఉంది. ఫ్యాక్టరీ అతుకు కాదు. చేతి అతుకు. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు.

ఆ రెండు వారాల ముందటి మరమ్మతు అదే. సాకెట్ కదులుతూ, తీగ ముట్టుకుంటే కంప్యూటరు ఆగిపోతుండేది. అతికిద్దామని కూర్చున్నాను. అతుకు పట్టడానికి రాసే గుగ్గిలం అయిపోయింది. కొట్టు దాకా వెళ్ళాలంటే బయట వాన. నాన్న పనిముట్ల సంచిలో ఒక సీసా ఉంది. రేకు బకెట్లకూ నీటి ట్యాంకులకూ అతుకు వేసేటప్పుడు ఆయన వాడే ద్రావకం. ఆసిడ్ లో జింకు ముక్కలు కరిగించి ఆయనే తయారుచేసుకునేవాడు. అతికేదే కదా అని దాన్నే పుల్లతో రాశాను. సీసం నీళ్ళలా పరుచుకుంది. అతుకు వెండిలా మెరిసింది. యంత్రం పనిచేసింది. అమ్మ నా చేతిని పట్టుకుని చూసి, "వీడి హస్తవాసి చూడండి!" అంది. బకెట్ అయితే అతికాక నాన్న రెండు బిందెల నీళ్ళతో కడిగేవాడు. నేను ఏమీ కడగలేదు.

మీటరు ముళ్ళు అక్కడ ఆనించాను. మొదటి దారి సన్నగా కూసి ఆగిపోయింది. రెండోది తెగీ తెగని గొంతుతో కూసింది. మూడోది కూయలేదు. చిలుమును సూదితో గీకి చూస్తే కింద రాగి లేదు. రాగి ఉన్నచోట రాగి ఆకారంలో పచ్చటి పొడి ఉంది.

బోర్డు కడగడానికి అన్నీ సిద్ధంగా పెట్టుకున్నాను: స్పిరిట్, పాత పళ్ళ కుంచె, శుద్ధజలం. ఎవరైనా చేసేది ముందు బోర్డంతా కడగడమే. కుంచెను స్పిరిట్ లో ముంచి, టీ మరక మీదికి తెచ్చి, ఆగిపోయాను.

"ఏమిటలా బొమ్మలా నిలబడ్డారు?" అంది మా ఆవిడ.

"ఈ టీ కడిగితే పోతుంది."

"పోవాలనేగా కడగడం?"

"ఇది పోయి, అదీ అతికి, అప్పుడు నడిస్తే టీ వల్ల ఆగిందో నా వల్ల ఆగిందో ఇక ఎవరూ చెప్పలేరు."

"మీ వల్లేంటి?"

చెప్పాను. బకెట్ల ద్రావకం దగ్గర ఆమె నవ్వింది. నవ్వు మధ్యలో ఆగింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అయితే ఇద్దరిదీ చెరో సగం అని చెప్పేయండి. పాము చావదు, కర్ర విరగదు. ఆవిడా సంతోషిస్తుంది."

ఆ మాట అబద్ధమని రుజువు చేయడానికి ఎవరి దగ్గరా ఏమీ మిగలదు. కుంచె నాలుగుసార్లు ఆడిస్తే చాలు. కడగకపోవడంలో ఇంకో చిక్కు కూడా ఉంది. బోర్డు మీద కరెంటును కాసేపు పట్టి ఉంచే కెపాసిటర్లన్నీ ముసలివి. వాటిని మార్చాలి. కానీ ఒక ప్రయోగంలో ఒక్కదాన్నే మార్చాలి. అవి కూడా మారిస్తే ఫలితం కలగాపులగమవుతుంది. మార్చకుండా స్విచ్ వేస్తే, వాటిలో ఒకటి ఆ క్షణంలోనే పోవచ్చు. అప్పుడు తీర్పే ఉండదు, చెల్లి చేతి మీద పాత మాటే మిగులుతుంది.

"నలభై రెండేళ్ళు మొత్తం తనే మోసింది. ఇప్పుడు సగం దించి నేను పుణ్యాత్ముణ్ణి కావాలా?" అన్నాను.

"అలా అయితే కుంచె కింద పెట్టండి. చుక్కలు పడుతున్నాయి" అంది ఆమె.

సాకెట్ చుట్టూ టేపుతో గట్టు కట్టాను, తడి ఆ మూల దాటకుండా. పాత అతుకును కరిగించి పీల్చేశాను. వంట సోడా నీళ్ళలో దూది పుల్ల ముంచి రాస్తే సన్నగా నురుగు వచ్చింది. ఇన్నేళ్ళ తరువాత కూడా ఆ ఆసిడ్ చావలేదు. నురుగు ఆగేదాకా రాశాను, శుద్ధజలంతో తుడిచాను, స్పిరిట్ తో తుడిచాను, రెండు రోజులు ఎండ తగిలే కిటికీలో ఉంచాను. తినేసిన మూడు దారుల స్థానంలో మూడు సన్నటి తీగలు వేసి, ఈసారి గుగ్గిలంతోనే అతికాను. మీటరు మూడుసార్లు కూసింది. టీ మరక ఎలా ఉన్నది అలాగే ఉంది. స్విచ్ వేయలేదు. చెల్లికి ఫోన్ చేసి ఆదివారం రమ్మన్నాను.

పదకొండింటికి వచ్చింది. చేతిలో గుడ్డ సంచి. అందులోంచి పాత నోటుబుక్కూ, ఒక క్యాసెట్టూ తీసింది. క్యాసెట్ మీద ఆమె పదహారేళ్ళ అక్షరాలతో 'వాన' అని ఉంది.

"ఇది నీ దగ్గరుందా?" అన్నాను.

"శవం నీ దగ్గరుంది, ప్రాణం నా దగ్గరుంది. ఏంటొదినా, ఈయన మొహం అలా ఉంది? ఉరిశిక్షేనా?"

"ఎవరికో ఆయన్నే అడుగు" అంది మా ఆవిడ.

బోర్డును బల్ల మీద, తెల్లకాగితం పరిచి, పెట్టి ఉంచాను. ముందు టీ మరక చూపించాను. దాని కింద దారులు బాగున్నాయని చెప్పాను. తరువాత వెనక్కి తిప్పి, మూడు తీగలు చూపించాను. తీసేసిన పాత అతుకు ముక్కను ఒక చిన్న మూతలో ఉంచాను. అది కూడా చూపించాను. ఏ సీసాలోంచి ఏం రాశానో, ఎందుకు రాశానో చెప్పాను. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆమె అతుకు ముక్కను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళజోడు పైకెత్తి చూసింది. మందుల గదిలో మాత్ర మీది గుర్తును చూసినట్టు చూసింది.

"నాన్న సీసా. జింక్ క్లోరైడ్. అది పొడిగా ఉండలేదు అన్నయ్యా, గాల్లోంచి నీళ్ళు తాగుతుంది. వానొస్తే తడుస్తుంది, తడిస్తే తింటుంది. మేం దాన్ని మూత బిగించి దాస్తాం. నువ్వు కంప్యూటర్ కి పూశావ్."

"పూశాను."

"ఇంజనీరింగు చదువుతూ."

"మొదటి సంవత్సరం."

"ఆహా, మొదటి సంవత్సరం!" అని మా ఆవిడ వైపు తిరిగింది. "వింటున్నావా వదినా? ఊరందరికీ కాకి కథ చెప్పే పెద్దమనిషి. గురివింద గింజకి కింద నలుపు కనపడదంటారు, ఈయన కిందికి తిప్పి చూడ్డానికి నలభై రెండేళ్ళు పట్టింది."

నోటుబుక్కు తెరిచి పేజీలు తిప్పింది. ప్రోగ్రాము వరుసల పక్కన, అంచులో, పెన్సిల్ తో చిన్న చిన్న మాటలు ఉన్నాయి. ఒకచోట వేలు పెట్టింది. 'ఇవాళ పెద్ద వాన. రెండుసార్లు కంప్యూటరు దానంతటదే ఆగిపోయింది. నాన్నని అడిగితే, దానికీ వానంటే బద్ధకమే అన్నాడు.' పైన తేదీ ఉంది. టీ పడిన ఆదివారానికి అది ఐదు రోజుల ముందు.

ముగ్గురం ఆ పెన్సిల్ అక్షరాల మీదికి వంగాం.

"నా దగ్గరే ఉంది చూడు, సాక్ష్యం" అంది చెల్లి మెల్లగా. "ఎన్నిసార్లు తిప్పానో ఈ పుస్తకం. వాన వరుసలు చూశాను గాని పక్కన నేనే రాసుకున్నది చూడలేదు. నేనే చంపానని తెలిశాక ఇంకేం చూస్తాం?"

"ఆ మాట మొదట అన్నది నేను."

"మాటకి నేనేమీ అనుకోలేదు. ఆ నవ్వావు చూడు, కోర్సు గురించి నాన్న అడిగినప్పుడు. అది."

ఆమెకు ఆ నవ్వు గుర్తుండదనుకున్నాను. "అది తప్పు. ఆ రోజే తప్పు. అతుకు సంగతి తెలియక చేశాను, నవ్వు తెలిసే నవ్వాను" అన్నాను.

ఆమె తల పంకించింది. "సరే. ఇంకా తీర్పు రాలేదుగా. టీ కడగలేదు ఎందుకు?"

"కడగకుండానే నడవాలి. టీ పడ్డ నాలుగు రోజులకి ఎలా ఆరి ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. నడిస్తే టీ నిర్దోషి."

"నడవకపోతే?"

"కెపాసిటర్లు కావచ్చు. ఏమీ తేలదు."

"అంటే మళ్ళీ నేనే."

"ఏమీ తేలదు అన్నాను."

"మన ఇంట్లో ఏమీ తేలకపోతే నేనే."

నవ్వుతూనే అంది. కాని చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది.

బోర్డును పెట్టెలో బిగించాను. పాత టీవీకి తీగ కలిపాను. స్విచ్ ఉన్న పలకను ఆమె ముందుకు జరిపాను.

"నువ్వెయ్యి" అంది.

"ఎవరేసినా ఒకటే."

"నీకు ఒకటే."

"నువ్వే వెయ్యమ్మా. ఏదైనా అయితే ఈసారి నేను సాక్షిని" అంది మా ఆవిడ, మా ఇద్దరి మధ్యకు కుర్చీ జరుపుకొని.

చెల్లి కుడి అరచేతిని చీర కొంగుకు తుడుచుకుంది. స్విచ్ వేసింది.

టీవీలో బియ్యం చెరిగినట్టు తెల్లటి రవ్వ. నేను ఛానెల్ మీటను నెమ్మదిగా తిప్పాను. రవ్వ. ఇంకా రవ్వ. ఒకచోట రవ్వ సర్దుకుని, తెరంతా బూడిదరంగుకు తిరిగి, పై మూలలో ఒక చిన్న నల్లటి గడి మెరవడం మొదలుపెట్టింది. మెరుస్తోంది, ఆరుతోంది. రాయమని పిలుస్తోంది. చెల్లి ఒక మీట నొక్కింది. అక్షరం పడింది. ఎడమ వైపు మీటలు, టీ పడినవి, ఒక్కొక్కటే నొక్కింది. రెండు మొరాయించి, గట్టిగా నొక్కితే పలికాయి.

క్యాసెట్ పెట్టాం. మొదటిసారి తప్పు చూపించింది. రెండోసారి కూడా. "వాల్యూము ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఉండాలి, ఏడు దగ్గరగా" అంది చెల్లి, చూడకుండానే చక్రం తిప్పుతూ. మూడోసారి కీచు రొద మొదలవగానే మా ఆవిడ ఏదో అడగబోయింది. నేనూ చెల్లీ ఒక్కసారే చేయెత్తాం. నాలుగు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు.

వాన పడింది. చుక్కలు పైనుంచి ఒక్కొక్కటి ఒక్కో వేగంతో దిగి, కింద రెండుగా చిట్లి ఆరిపోయాయి.

"ఏటవాలు ఇప్పటికీ తప్పే" అంది చెల్లి. పన్నెండో వరుసలో ఒక అంకె మార్చింది.

ఆ తరువాత నోటుబుక్కులోని ఖాళీ పేజీలో ఇలా రాశాను. చెల్లి చదివి, మూడో వరుసలో నేను రాసిన 'బహుశా' అనే మాటను కొట్టేసి, కింద సంతకం చేసింది. సాక్షిగా మా ఆవిడ సంతకం చేసింది.

'టీ మరక తుడవకుండా, కెపాసిటర్లు మార్చకుండా పరీక్ష జరిగింది. స్విచ్ వేసినది చెల్లి, పదకొండు గంటల యాభై నిమిషాలకు. యంత్రం ఆగడానికి కారణం అన్న వేసిన అతుకు. యంత్రం రెండు గంటల పది నిమిషాలు ఆగకుండా నడిచింది. స్విచ్ తీసినది చెల్లి.'